ఒక ఏడాది, కొన్ని ఆటలు, 190 మస్టర్లు

మన కాలేజీలో ఎవరైనా "ఆ గేమ్ అయిపోయింది" అంటే చివరి బాస్ చచ్చాడు, తెర మీద పేర్లు పడ్డాయి అని అర్థం. నాలాంటి వాళ్లకి అసలు పని అక్కడే మొదలవుతుంది. మెనూలో ఒక మూల అచీవ్‌మెంట్స్ అని జాబితా ఉంటుంది చూశారా? చాలామంది దాన్ని ఒక్కసారి కూడా తెరవరు. తెరిస్తే సగం బొమ్మలు రంగులో, సగం బూడిద రంగులో కనిపిస్తాయి. ఆ బూడిద బొమ్మలన్నీ రంగులోకి వచ్చేదాకా నిద్ర పట్టని జాతి మాది.

ఈ పిచ్చి పుట్టింది 2005లో. ఎక్స్‌బాక్స్ 360తో పాటు మైక్రోసాఫ్ట్ గేమర్‌స్కోర్ తెచ్చింది. 2007లో స్టీమ్, 2008లో ప్లేస్టేషన్ 3 అదే దారి పట్టాయి. ప్లేస్టేషన్‌లో అన్నీ సాధిస్తే ప్లాటినం ట్రోఫీ అని ఒకటి ఇస్తారు. స్టీమ్‌లో అది కూడా లేదు, ఒక గీత నిండి వంద శాతం అని చూపిస్తుంది, అంతే. పైసలు రావు, క్రెడిట్స్ రావు. రెజ్యూమెలో హాబీస్ కింద రాస్తే మా సీనియర్ అక్క పెన్ను తీసుకుని కొట్టేసింది. అయినా ఒక మత్తు ఉంది. స్టీమ్ ప్రతి అచీవ్‌మెంట్ పక్కన, ఆ గేమ్ ఉన్నవాళ్లలో ఎంత శాతం మంది అది సాధించారో వేస్తుంది. శాతం ఎంత తక్కువుంటే చెయ్యి అంత దురద పెడుతుంది.

థర్డ్ ఇయర్ మొత్తం, అంటే 2024 జూన్ నుంచి 2025 మే దాకా, ఈ వేటలో నాకు బాగా నచ్చిన ఆటల గురించి చెప్తాను. నా లాప్‌టాప్ 2023 దసరాకి లాభాల వాటా వచ్చినప్పుడు బాపు కొనిచ్చింది. గ్రాఫిక్స్ కార్డు లేదు. కొత్త పెద్ద గేమ్ ఏది వేసినా ఫ్యాన్ హెలికాప్టర్ లెక్క మోగుతుంది. కాబట్టి ఈ జాబితాలో ఖరీదైనవేవీ ఉండవు. అన్నీ పాతవి, చిన్నవి, లేదా డిస్కౌంట్‌లో దొరికినవి.

మా అమ్మకి మాత్రం గేమ్ అంటే ఒకటే భయం. "పైసలు పెడుతున్నవా బిడ్డా?" మన రాష్ట్రంలో ఆన్‌లైన్ రమ్మీని 2017లోనే నిషేధించారు. కానీ పేపర్లో వచ్చే వార్తలు చదివి చదివి, స్క్రీన్ మీద ఏది కదిలినా ఆమెకి రమ్మీ లెక్కనే కనిపిస్తుంది. పైసలు పెట్టేది కాదు, టైం పెట్టేది అని చెప్తే ఇంకా కోపమొచ్చింది.

ముందు మా భూగోళం చెప్పాలి, లేకపోతే అర్థం కాదు. మా ఇల్లు భూపాలపల్లి, బాపు సింగరేణిలో బాయి పని. అమ్మమ్మది మానుకోట దగ్గర ఊరు. మానుకోట అంటే మహబూబాబాదే, మావాళ్లెవరూ ఆ పెద్ద పేరు పలకరు. అక్కని ఇచ్చింది జనగామ. 2016 అక్టోబర్ 11కి ముందు ఈ మూడూ ఒకటే వరంగల్ జిల్లా, తెల్లారేసరికి మూడు జిల్లాలయ్యాయి. జనగామకీ మానుకోటకీ రైలుంది, కానీ వేర్వేరు లైన్లు, మధ్యలో కాజీపేట. భూపాలపల్లికి రైలే లేదు. హన్మకొండలో బస్సెక్కి పరకాల, రేగొండ మీదుగా పోవాలి. సెలవులొస్తే నేను ఈ మూడింటి మధ్య లాప్‌టాప్ బ్యాగుతో తిరుగుతుంటాను. ఏ గేమ్ ఎక్కడ ఆడానో నాకు ఊరి పేరుతోనే గుర్తుంటుంది.

స్టార్‌డ్యూ వ్యాలీ మానుకోట.

ఇది 2016లో వచ్చిన వ్యవసాయం గేమ్. ఎరిక్ బారోన్ అనే ఒక్కడే కోడింగ్, బొమ్మలు, సంగీతం అన్నీ చేసుకుంటూ నాలుగేళ్లకి పైగా కూర్చుని తయారుచేశాడు. తాత వదిలిన బీడు పొలానికి వచ్చి, రాళ్లు ఏరి, విత్తనం వేసి, నీళ్లు పోసి, పంట తీసుకెళ్లి ఒక పెట్టెలో వేస్తే పొద్దున్నకల్లా పైసలు. ఏడాదికి నాలుగు కాలాలు, కాలానికి 28 రోజులు. అచీవ్‌మెంట్లు మాత్రం మనిషిని పిండుతాయి. అమ్మదగ్గ ప్రతి వస్తువునీ కనీసం ఒక్కసారైనా అమ్మాలి, ప్రతి వంటా వండాలి, ప్రతి రకం చేపనీ పట్టాలి. ఊరి కమ్యూనిటీ సెంటర్ బాగుచేస్తే ఒక అచీవ్‌మెంట్. దాన్ని జోజా అనే కంపెనీకి గోదాముగా వదిలేస్తే ఇంకొకటి. రెండూ కావాలంటే రెండుసార్లు బతకాలి, అంటే రెండు వేరే పొలాలు మొదలుపెట్టాలి. నేను రెండేళ్లుగా ఆడుతున్నాను. కిందటి ఆగస్టు చివరికి చేపలు కొన్ని మిగిలాయి.

ఆగస్టు 31, శనివారం, అమ్మమ్మ ఊరికి పోయాను. ఆ రాత్రి మొదలైన వాన మీకందరికీ గుర్తుండే ఉంటుంది. సెప్టెంబర్ 1 పొద్దున్నకల్లా కేసముద్రం, ఇంటికన్నె మధ్య పట్టాల కింద కంకర కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. రైళ్లు ఎక్కడివక్కడే. కరెంటు వచ్చి పోయి, చివరికి పోయింది. నెట్ లేదు. ఇంట్లో అమ్మమ్మ, నేను, మామ, ఒక బ్యాటరీ బల్బు.

స్టార్‌డ్యూలో వాన పడితే పండగ. ఆ రోజు నీళ్లు పోసే పనుండదు, నేరుగా ఏటికి పోవచ్చు. పైగా క్యాట్‌ఫిష్, వాలై, ఈల్ లాంటివి వాన రోజే పడతాయి. అంటే నేను లోపల కూర్చుని తెర మీద వాన కోసం ఎదురుచూస్తున్నాను, బయటేమో ఆకేరు ఎంత పొంగిందో ఎవరో ఒకరు వచ్చి చెప్పిపోతున్నారు. మామ ప్రతి రెండు గంటలకి పొలం వైపు పోయి వచ్చేవాడు. వరి మునిగింది. మిరప నారుమడి కూడా మునిగింది.

మూడో రోజు కాసేపు కరెంటొస్తే ఛార్జింగ్ పెట్టాను. అమ్మమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఆమెకి తెర మీద పొలం చూపించాను.

"గిదేం చేను?"

"మిరప. ఐదు రోజులకి కాస్తది అమ్మమ్మా, తర్వాత మూడ్రోజులకోసారి తెంపుడే."

ఐదు రోజుల మిరపకాయ అనేసరికి నవ్వింది. కాయ ఒక్కోటి 40 బంగారు నాణేలు అని చెప్పాను.

"ఎవలు చెప్పిండ్రు 40 అని?"

"ముందే రాసుంటది. ఎప్పుడేసినా గంతే."

ఇప్పుడు నవ్వలేదు. "కాయ పెట్టకముందే ధర రాసుంటదా?" అని మళ్లీ అడిగింది. తేజ మిర్చి బస్తాలు ఎనుమాముల మార్కెట్‌కి తోలి, పాట ఎంత దాకా పోతుందో అని యార్డులో రాత్రంతా బస్తాల మీద పడుకున్న మనిషి ఆమె. "పురుగు?" అంది. పురుగు లేదు, కాకులుంటాయి, దిష్టిబొమ్మ పెడితే రావు అన్నాను. "నల్ల తామర పురుగు దిష్టిబొమ్మకు భయపడ్తదా" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా లేచి పోయింది. 2021లో ఆ పురుగు వచ్చినప్పుడు మా మామ మిరపతోటని మధ్యలోనే దున్నేశాడు. ఖమ్మం నుంచి వరంగల్ దాకా ఎంతమంది అట్లా దున్నారో మీలో పల్లెల నుంచి వచ్చినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

గేమ్ అబద్ధం చెప్తోందని నేను అనను. వ్యవసాయంలో ఏ భాగం మనిషికి హాయో దాన్ని మాత్రం తీసుకుని, మిగతాది వదిలేసి చేసిన ఆట అది. ఏది వదిలేశారో అమ్మమ్మ రెండు ప్రశ్నల్లో పట్టేసింది. నేను రెండేళ్లు ఆడి కూడా ఆ ధరల పట్టీని ఆ కంటితో చూడలేదు.

గురువారం బయటపడి హన్మకొండకి వచ్చాక నెట్ తగిలింది. ఆఫ్‌లైన్‌లో చేసినవన్నీ అప్పుడు ప్రొఫైల్‌లోకి ఎక్కాయి. ప్రతి రకం చేపా పట్టినందుకు వచ్చే 'మాస్టర్ యాంగ్లర్' కూడా అందులోనే. మామ ఆ వారమే నారు మళ్లీ కొన్నాడు.

స్టార్‌డ్యూలో ఆఖర్న మిగిలింది సెలూన్‌లోని ఆర్కేడ్ మెషీన్ ఆటని ఒక్కసారి కూడా చావకుండా పూర్తిచేయడం. దాని గురించి రాసి మీ టైం, నా బీపీ పాడుచేయను. అయింది. మళ్లీ చేయను.

సెలెస్ట్ భూపాలపల్లి.

2018లో వచ్చింది. మొదట నాలుగు రోజుల్లో చేసిన చిన్న గేమ్ జామ్ ఆట అది, తర్వాత పెద్దదైంది. మాడలిన్ అనే అమ్మాయి సెలెస్ట్ అనే కొండ ఎక్కాలి. దుంకడం, గాల్లో ఒకసారి దూసుకుపోవడం, గోడ పట్టుకోవడం. మూడే మూడు పనులు. ముళ్ల మీద పడితే చస్తుంది, అరసెకనులో అదే తెర మీద మళ్లీ పుడుతుంది. దారిలో 175 స్ట్రాబెర్రీలు ఉంటాయి. వీటి వల్ల ఏ ఉపయోగం లేదు, స్నేహితుల ముందు గొప్ప చెప్పుకోవడానికి తప్ప అని గేమే ముందుగా చెప్పేస్తుంది. ఇంత నిజాయితీ నేను ఏ సిలబస్‌లోనూ చూడలేదు.

దసరా సెలవుల్లో క్వార్టర్‌లో కూర్చుని ఇదే ఆడాను. మా ఊరి పక్కన చెల్పూరులో 1,100 మెగావాట్ల థర్మల్ ప్లాంట్ ఉంది కాబట్టి అమ్మమ్మ ఊరి బాధ లేదు. బాపు ఆ వారం రెండో షిఫ్టు. రాత్రి వచ్చి, స్నానం చేసి, అన్నం తిని, మోకాలికి జండూబామ్ రాసుకుంటూ నా వెనక మంచం మీద కూర్చునేవాడు. ఆయన మోకాలు అరిగిందని డాక్టర్ చెప్పి అప్పటికి ఏడాది.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. సింగరేణి ఇళ్లల్లో పుట్టినవాళ్లకి తెలుసు, మిగతావాళ్లకి తెలియదు. అప్పట్లో బాయి లోపల పనిచేసేవాళ్లకి క్యాలెండర్ ఏడాదిలో 190 మస్టర్లు, పైన పనిచేసేవాళ్లకి 240 పడాల్సి ఉండేది. 1952 గనుల చట్టం లెక్క అది. అవి పడితేనే జీతంతో కూడిన ఏడాది సెలవుకి పూర్తి హక్కు ఉండేది. మా ఇంట్లో క్యాలెండర్ మీద పండగలకంటే ముందు మస్టర్లు కనిపిస్తాయి. పోయిన రోజుకి టిక్కు, నాగా అయిన రోజుకి సున్నా. మోకాలి వల్ల ఆ వానాకాలమంతా సున్నాలే. దసరా నాటికి బాపు లెక్క 138.

ఒక రాత్రి నేను ఆరో భాగంలో, ఒకే తెర మీద ఇరవై నిమిషాలుగా చస్తున్నాను.

"గీ పిల్ల ఇప్పటిదాంక ఎన్నిసార్లు సచ్చింది బిడ్డా?" అన్నాడు బాపు.

సెలెస్ట్ ఆ లెక్క దాచదు, భాగం అయిపోయిన ప్రతిసారీ చూపిస్తుంది. తీసి చూపించాను. అప్పటికి 2,114.

"మరి గవి నాగాలా, మస్టర్లా?"

నాకు వెంటనే జవాబు రాలేదు. తర్వాత గుర్తొచ్చింది. చావుల లెక్క చూసి సిగ్గుపడొద్దు, ఎన్నిసార్లు చస్తే అంత నేర్చుకుంటున్నట్టే అనే మాట ఆ గేమ్ మొదట్లోనే చెప్తుంది. "మస్టర్లే బాపూ" అన్నాను. ఆయనకి ఆ పద్ధతి బాగా నచ్చింది. తర్వాత రోజు నుంచి వచ్చీ రాగానే "ఇయ్యాల ఎన్ని మస్టర్లు?" అని అడిగేవాడు.

ఇంకో సంగతి. నాలుగో భాగం చివర్లో మాడలిన్ తీగ మీద వెళ్లే డబ్బాలో కొండ దాటుతుంటే అది మధ్యలో ఆగిపోతుంది. చీకటి ముసురుకుంటుంది, ఆమెకి ఊపిరి ఆడదు. పక్కనున్న థియో ఒక ఈకని ఊహించుకోమంటాడు. ఊపిరి తీసి వదిలే కొద్దీ ఈక పైకీ కిందికీ తేలుతుంది, మనం బటన్ నొక్కుతూ వదులుతూ దాన్ని నడిపించాలి. ఈ భాగం అప్పటికే అయిపోయినా, మిగిలిన స్ట్రాబెర్రీల కోసం మళ్లీ ఆడుతుంటే బాపు చూశాడు. ఏమైంది ఆ పిల్లకి అన్నాడు. భయమేసి దమ్ము ఆడుతలేదు అని చెప్పాను.

కాసేపాగి, "గోదావరిఖనిల మొదటిసారి దిగిన్నాడు నాకూ గట్లనే అయింది" అన్నాడు. "పక్కన ఓ ముసలాయన ఉండె. నా టోపీ లైటు ఆయన బూట్ల మీదికి తిప్పి, నా బూట్లనే సూసుకుంట రా, ఇంకెక్కడ సూడకు అన్నడు. గట్లనే పోయిన."

ముప్పై ఏళ్లకి పైగా ఆయన బాయిలో దిగుతున్నాడు. మా ఇంట్లో ఎవరికీ ఈ మాట తెలియదు. అమ్మకి కూడా. తెల్లారి నేను అడిగితే, "గప్పుడు చెప్తే మీ తాత పిల్లనిచ్చెటోడా" అన్నాడు.

175 స్ట్రాబెర్రీలు నవంబర్ మొదటి వారంలో అయ్యాయి. బాపుకి ఫోన్ చేసి చెప్తే, తనవి 155 అయ్యాయన్నాడు.

ఇక హాఫ్-లైఫ్ 2. ఇది ఊరి ఆట కాదు, హాస్టల్ ఆట. 2024 నవంబర్‌లో ఆ గేమ్‌కి ఇరవై ఏళ్లు నిండాయని వాల్వ్ కొన్ని రోజులు ఉచితంగా ఇచ్చింది, రెండు ఎపిసోడ్లనీ అందులోనే కలిపేసింది. మా ఫ్లోర్‌లో ఏడుగురం డౌన్‌లోడ్ పెట్టాం. వైఫై రెండు రోజులు మంచం పట్టింది.

అచీవ్‌మెంట్లలో ఏది మంచిది, ఏది చెత్త అన్న విషయంలో నాకు గట్టి అభిప్రాయాలున్నాయి. ఈ ఒక్క గేమ్‌లోనే రెండు రకాలూ ఉన్నాయి. ఎపిసోడ్ టూలో పురుగుల పిల్లలు 333 ఉంటాయి, గోడలకి అతుక్కుని మెరుస్తుంటాయి. అన్నిటినీ నలపాలి. ఒక్కటి వదిలినా రాదు. ఇది అసైన్‌మెంట్ కాపీ కొట్టడం లాంటి పని. చెయ్యి కదులుతుంది, బుర్ర పడుకుంటుంది. చేశాను, కానీ దాన్ని మెచ్చుకోను.

ఎపిసోడ్ వన్‌లో ఇంకొకటి ఉంది. గేమ్ మొత్తం ఒకే ఒక్క తూటా కాల్చి పూర్తిచేయాలి. గొడ్డలి లాంటి ఇనప కడ్డీ, గ్రావిటీ గన్, గ్రెనేడ్లు వాడుకోవచ్చు. తూటా మాత్రం ఒకటే, అది కూడా ఒక తాళం పగలగొట్టడానికి పోతుంది. తుపాకుల గేమ్‌లో తుపాకీ తీసేస్తే ఏమవుతుందో తెలుసా? గది గదికీ ఆగి చూస్తాం. ఇక్కడ డబ్బా ఉంది, అక్కడ రేకు ఉంది, దీన్ని విసరొచ్చు, పక్కనున్న అలిక్స్‌కి దారి వదిలితే ఆమె చూసుకుంటుంది. మొదటిసారి పరిగెత్తిన గదుల్లోనే రెండోసారి సామాను కనిపిస్తుంది. అదీ అచీవ్‌మెంట్ అంటే.

అన్నిటికంటే నాకు ఇష్టమైనది మరుగుజ్జు బొమ్మ. ఎపిసోడ్ టూ మొదట్లో ఒక గుడిసెలో తోటల్లో పెట్టుకునే గడ్డపాయన బొమ్మ దొరుకుతుంది. అది దేనికీ పనికిరాదు. దాన్ని పోగొట్టకుండా గేమ్ చివరిదాకా మోసుకెళ్లి, ఎగరబోయే రాకెట్‌లో పెట్టాలి. చేతిలో బొమ్మ ఉంటే తుపాకీ పట్టలేం. శత్రువు వస్తే బొమ్మని మూలన పెట్టి, కొట్లాడి, మళ్లీ ఎత్తుకోవాలి. మధ్యలో కారుంటుంది, పైకప్పు లేదు. గుంత వస్తే బొమ్మ ఎగిరి రోడ్డు పక్కన పడుతుంది, దిగి వెతుక్కోవాలి. ఇది నాకు ముందే వచ్చిన విద్య. భూపాలపల్లి బస్సులో అమ్మ కట్టిచ్చిన మామిడికాయ తొక్కు సీసా ఒళ్లో పెట్టుకుని, స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా పైకెత్తి, పరకాలలో దిగేవాళ్లకి దారిస్తూ, హన్మకొండ దాకా నూనె చుక్క ఒలకకుండా తెచ్చిన అనుభవం నాది. మా రూమ్మేట్ కారుతో మూడుసార్లు పోగొట్టింది, నేను ఒక్కసారీ పోగొట్టలేదు.

ఈ బొమ్మకి నిజం కథ కూడా ఒకటుంది. వాల్వ్ అధిపతి గేబ్ న్యూవెల్ 2020 నవంబర్‌లో న్యూజిలాండ్ నుంచి రాకెట్ ల్యాబ్ వాళ్ల ఎలక్ట్రాన్ రాకెట్‌లో ఇదే బొమ్మని నిజంగానే అంతరిక్షంలోకి పంపాడు. టైటానియంతో త్రీడీ ప్రింట్ చేసిన బొమ్మ. ప్రయోగం చూసిన ఒక్కొక్కరి పేరు మీద ఒక డాలర్ చొప్పున ఆక్లాండ్ పిల్లల ఆసుపత్రికి ఇచ్చాడు. మెకానికల్ వాళ్లు ఎవరైనా మన ల్యాబ్‌లో ఒకటి ప్రింట్ చేస్తే నేను కొంటాను. ప్లాస్టిక్‌దైనా పర్లేదు.

నేను ఆ బొమ్మని రాకెట్‌లో పెట్టింది డిసెంబర్ చివరి వారం. ఆ వారమే, 27న, బాపు 190 పూర్తిచేశాడు. ఫోన్లో చెప్పలేదు. సంక్రాంతికి ఇంటికి పోతే పాత క్యాలెండర్ ఇంకా గోడకే ఉంది, ఆ తేదీ చుట్టూ ఎర్ర పెన్నుతో గుండ్రంగా చుట్టి ఉంది.

మధ్యలో రెండు గేమ్‌ల గురించి చిన్నగా చెప్పి పోతాను. అండర్‌టేల్‌కి స్టీమ్‌లో అచీవ్‌మెంట్లే లేవు. అన్నీ చూడాలి, అందర్నీ చంపి కూడా చూడాలి అనే మన లక్షణాన్నే ఆ గేమ్ ఎగతాళి చేస్తుంది. మా జాతివాళ్లు తప్పకుండా ఆడి, తిట్లు తినాలి. రెండోది ది స్టాన్లీ పారబుల్. అందులో 'బయటికి పో' అనే అర్థమొచ్చే అచీవ్‌మెంట్ ఉంది. అది కావాలంటే ఆ గేమ్‌ని ఐదేళ్లు తెరవకూడదు. 2022లో వచ్చిన కొత్త వెర్షన్‌లో అయితే పదేళ్లు. కంప్యూటర్ గడియారం మార్చి కొట్టేసేవాళ్లున్నారు, నేను ఆ పని చేయను. పాతదాన్ని 2024 జూలైలో మూశాను, 2029 జూలైలో తెరుస్తాను. బాపు రిటైర్‌మెంట్ కూడా ఆ ఏడాదే. సింగరేణిలో 2021 నుంచి 61 ఏళ్లు చేశారు కదా.

ఇప్పుడు జనగామ, పోర్టల్ 2. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇదే.

నాకు గేమ్స్ నేర్పింది అక్క. ఆమె ఈసీఈ. పెళ్లికి ముందు హైదరాబాద్‌లో ఉద్యోగం చేసింది, బాబు కడుపులో ఉన్నప్పుడు మానేసింది. అత్తగారింట్లో బాగానే చూసుకుంటారు, బావ మంచోడు, అందులో అనుమానం లేదు. కానీ ఏడాదిగా మా ఫోన్లలో రెండే విషయాలు. బాబుకి జలుబు, అమ్మకి బీపీ. మూడు నిమిషాల్లో అయిపోయేది, తర్వాత ఇద్దరం ఊరికే పట్టుకుని ఉండేవాళ్లం. జనవరిలో సేల్ వచ్చినప్పుడు పోర్టల్ 2 రెండు కాపీలు కొని, ఒకటి అక్క పాత ఆఫీసు ఖాతాకి కాదు, కాలేజీ నాటి స్టీమ్ ఖాతాకి పంపాను. పాస్‌వర్డ్ గుర్తు తెచ్చుకోవడానికే ఆమెకి రెండు రోజులు పట్టింది.

తెలియనివాళ్లకి చెప్తున్నా. పోర్టల్ అంటే గోడకి రెండు కంతలు పెట్టే తుపాకీ. ఒక కంతలో దూరితే ఇంకో కంతలోంచి బయటికొస్తాం. ఎంత వేగంతో దూరితే అంతే వేగంతో వస్తాం, దిశ మాత్రం మారుతుంది. 2011లో వచ్చిన రెండో భాగంలో ఇద్దరు కలిసి ఆడే వేరే కథ ఉంది. పొట్టి గుండ్రటి రోబో అట్లాస్, పొడుగుది పీ-బాడీ. ఇద్దరికీ చెరో రెండు కంతలు. ఒక్కరి వల్ల ఏ గదీ కాదు.

మనం ఇంజనీరింగ్ పిల్లలం కాబట్టి ఇది కూడా తెలియాలి. ఈ ఆలోచన వాల్వ్‌ది కాదు. 2005లో డిజిపెన్ కాలేజీ విద్యార్థులు చేసిన నార్బాక్యులర్ డ్రాప్ అనే ప్రాజెక్టుది. అది చూసి వాల్వ్ ఆ టీమ్‌ని ఉద్యోగంలోకి తీసుకుంది, 2007లో పోర్టల్ వచ్చింది. పోర్టల్ 2లో నేల మీద పూసే రంగు జిగురు కూడా అదే కాలేజీ పిల్లల ఇంకో ప్రాజెక్టు నుంచి వచ్చిందే. మన మినీ ప్రాజెక్టులు ఎక్కడికి పోతాయో మనకు తెలుసు, బీరువాలోకి. ఆ పాత ప్రాజెక్టు పేరుతో ఈ గేమ్‌లో ఒక అచీవ్‌మెంట్ ఉంది. తోటి రోబో సైగ చేస్తుండగా దాని కాళ్ల కింద కంత తెరవాలి. అక్క దాన్ని మొదటి రాత్రే నా మీద సాధించింది.

రాత్రి పదిన్నరకి బాబు పడుకున్నాక మొదలుపెట్టేవాళ్లం. వాడు లేస్తే ఆపేయాలి, అదే రూలు. కొన్ని రాత్రులు పది నిమిషాలే. ఒక రాత్రి మాత్రం ఒంటిగంట దాకా వాడు కదల్లేదు. ఆ రాత్రి అక్క మైకులో గుసగుసగా మాట్లాడటం మానేసి, అచ్చం పాత అక్క లెక్క అరిచింది. "నువ్వాగు. నువ్వు కిందికెళ్లి దుంకు, నేను ఎప్పుడు పెట్టాల్నో అప్పుడు పెడ్త. మూడు అన్నంక దుంకు, రెండున్నరకు కాదు." నేను దుంకాను. గోడలోంచి రాయి విసిరినట్టు బయటికొచ్చి అవతలి గట్టు మీద పడ్డాను. కాగితం మీద గీసుకున్నానని తర్వాత చెప్పింది. ఎంత ఎత్తు నుంచి పడితే ఎంత దూరం పోతుందో. ఏ కాగితం అని అడిగితే, బాబు టీకాల కార్డు వెనక అంది.

వరుసగా మూడుసార్లు రాయి-కాగితం-కత్తెర గెలిస్తే ఒక అచీవ్‌మెంట్. ఊరికే ఓడిపోవే అంటే ఒప్పుకోలేదు. నలభై నిమిషాలు పట్టింది. నాలుగో కోర్సు ఇద్దరిలో ఎవరూ చావకుండా పూర్తిచేయడానికి మార్చి నెలంతా పోయింది. చివరి గది దగ్గర బాబు లేచాడు. అక్క వాణ్ని ఒళ్లో పెట్టుకుని, ఒక చేత్తో పాల సీసా, ఒక చేత్తో మౌస్ పట్టుకుంది. నేను మూడు, రెండు, ఒకటి అని లెక్కపెట్టాను. అయింది. ఇద్దరం అరవలేదు, వాడు మళ్లీ నిద్రలోకి జారుతున్నాడు.

ముగ్గురు వేర్వేరు స్నేహితులని రోబోలతో కౌగిలించుకుంటే వచ్చేది కూడా ఉంది. అక్క ఒకరు, మా ఫ్లోర్‌లో ఇద్దరు సీనియర్లు. అట్లా అన్నీ అయ్యాయి, ఒక్కటి తప్ప. దాని పేరు ప్రొఫెసర్ పోర్టల్. మన కథ పూర్తయ్యాక, ఈ ఆట ఎప్పుడూ ఆడని స్నేహితుల్ని ఆన్‌లైన్‌లో వెంటబెట్టుకుని మొదటి శిక్షణ కోర్సు దాటించాలి. నా లిస్టులో ఉన్నవాళ్లంతా ముందే ఆడినవాళ్లు. అక్క లిస్టులో ఉన్నది నేనొక్కదాన్నే.

కాబట్టి ఈ సంచిక చదువుతున్నవాళ్లలో పోర్టల్ 2 అస్సలు ఆడనివాళ్లు ఇద్దరు కావాలి. గర్ల్స్ హాస్టల్ రెండో ఫ్లోర్‌లో క్లబ్ నోటీసు బోర్డు మీద కాగితం అంటించాను, పేరు రాయండి. గేమ్ సేల్‌లో చాలా తక్కువకి వస్తుంది. పాత లాప్‌టాప్ అయినా చాలు, మైకు ఉంటే మంచిది. మొదట వచ్చినవాళ్లు మా అక్కకి, రెండోవాళ్లు నాకు. టైం రాత్రి పదిన్నర, బాబు పడుకుంటే. మూడు అన్నాకే దుంకాలి.